పని వచ్చాక డిగ్రీ ఎందుకు? పిల్లలు, యువతతో పనిచేసే చదువు గురించి

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. పిల్లల సంరక్షణ కేంద్రంలో సహాయకురాలిగా కొన్నేళ్లుగా పనిచేస్తున్నారు. పిల్లలు మీకు బాగా చేరువవుతారు. ఇప్పుడు పిల్లలు, యువతతో పనిచేయడంపై డిగ్రీ చేయాలనుకుంటున్నారు. ఇంట్లోవాళ్లు "పని వచ్చు కదా, మళ్లీ చదువెందుకు" అంటున్నారు. మీకేమో అసైన్‌మెంట్లు రాయగలనా అని టెన్షన్. ఏ కోర్సు మంచిదో ఎలా పోల్చుకోవాలి, చదివాక ఏ పనులు దొరుకుతాయి అని కూడా అడిగారు.

నేను మొదట చిన్నపిల్లలతో, తర్వాత టీనేజర్లతో చాలా ఏళ్లు పనిచేశాను. ఇప్పుడు ప్లేస్‌మెంట్‌కు, అంటే చదువులో భాగంగా పిల్లలుండే చోట కొన్నాళ్లు పనిచేస్తూ నేర్చుకోవడానికి, వచ్చే విద్యార్థులకు సూపర్‌వైజర్‌ని. నా సమాధానం ముందే చెప్పేస్తాను: చేరండి. మీలా అనుభవంతో వచ్చేవాళ్లే ఈ చదువు నుంచి ఎక్కువ రాబట్టుకోవడం నేను చూశాను. అయితే సబ్జెక్టుల పేర్లు చూసి కోర్సు ఎంచుకోవద్దు. ప్లేస్‌మెంట్ ఎలా నడుస్తుంది, అక్కడ మీ పని గురించి మీతో కూర్చుని మాట్లాడేది ఎవరు, ఈ రెండూ చూడండి. ఎందుకో వివరంగా రాస్తాను.

పిల్లల్ని ఊరుకోబెట్టడం, ఆడించడం, నిద్రపుచ్చడం చేస్తూ చేస్తూ వస్తాయి. అవి నేర్చుకోవడానికి డిగ్రీ అక్కర్లేదు. కానీ ఒక పిల్లవాడు మనకు అంతుపట్టనప్పుడు ఏం చేయాలో అనుభవం ఒక్కటే చెప్పలేదు. నాలుగేళ్ల బాబు పక్కపిల్లల్ని కొరుకుతున్నాడనుకోండి. "మొండివాడు", "గారాబం ఎక్కువైంది", "వాళ్లింట్లో అంతే" అని తలా ఒక మాట అంటారు. అన్నీ తీర్పులే. చదువులో మొదటి ఏడాదే నేర్పేది ఆ తీర్పును కాసేపు పక్కన పెట్టి, చూసి, చూసింది చూసినట్టు రాయడం. కొరికే ముందు ఏం జరుగుతోంది? చుట్టూ ఎవరున్నారు? గదిలో చప్పుడు ఎంత? తర్వాత పెద్దవాళ్లు ఏం చేశారు? వారం పాటు ఇలా రాసుకుంటూ పోతే, ఆట మధ్యలో ఆపి ఇంకో పనికి రమ్మన్న ప్రతిసారీ అది జరుగుతోందని తేలవచ్చు. లేదా వెనక నుంచి పిలిస్తే బాబు తిరిగి చూడటం లేదని, మాటలు వయసుకు తగ్గట్టు రాలేదని తేలవచ్చు. మొదటిదైతే ఆట ముగియబోతోందని ముందే చెప్పి సిద్ధం చేయాలి. రెండోదైతే వినికిడి పరీక్ష చేయించమని తల్లిదండ్రులకు చెప్పాలి. కర్ణభేరి వెనక ద్రవం చేరి కొన్నాళ్లు సరిగా వినపడకపోవడం చిన్నపిల్లల్లో చాలా మామూలు. దాన్ని మొండితనం అనుకుంటే ఆ బాబుకు రోజూ శిక్షే.

సిద్ధాంతాలన్నీ ఇలా చూడటానికి పనికొచ్చేవే. మనస్తత్వవేత్త మేరీ ఐన్స్‌వర్త్ గురించి చదివితే ఇది బాగా తెలుస్తుంది. పసిపిల్లలకూ వాళ్లను పెంచేవాళ్లకూ మధ్య బంధం ఎలా ఏర్పడుతుందో జాన్ బౌల్బీ సిద్ధాంతీకరిస్తున్న 1950లలో, ఆమె ఉగాండాలో ఇళ్లకు వెళ్లి తల్లుల్నీ పిల్లల్నీ గంటల తరబడి గమనించారు. తర్వాత అమెరికాలోని బాల్టిమోర్‌లో ఏడాది వయసు పిల్లల కోసం దాదాపు ఇరవై నిమిషాల ప్రయోగం ఒకటి రూపొందించారు. కొత్త గదిలో తల్లి బిడ్డను వదిలి కాసేపు బయటికి వెళ్తుంది, మళ్లీ వస్తుంది. మనమైతే తల్లి వెళ్తున్నప్పుడు బిడ్డ ఏడ్చిందా లేదా అని చూస్తాం. ఐన్స్‌వర్త్ మాత్రం, తల్లి తిరిగి వచ్చాక బిడ్డ ఏం చేసిందన్నదానికి ఎక్కువ విలువ ఇచ్చారు. దగ్గరికి చేరి ఊరడిల్లిందా, మొహం తిప్పుకుందా, ఎత్తుకోమని చేతులు చాచి మళ్లీ కోపంగా తోసేసిందా? పైకి ఏమీ పట్టనట్టు ఉన్న పిల్లల్లో కూడా గుండె వేగం మారుతోందని తర్వాతి పరిశోధకులు కొలిచి చూపించారు. "మంచి పాప, అసలు ఏడవదు" అని మీ కేంద్రంలో అందరూ మెచ్చుకునే పాపను ఇది చదివాక ఇంకాస్త శ్రద్ధగా చూస్తారు. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. ఈ పాఠం అయిన మర్నాడే "ఈ పాపకు తల్లితో బంధం సరిగా లేదు" అని తేల్చేసే విద్యార్థులు ఉంటారు. అలా చెప్పడానికి ప్రత్యేక శిక్షణ కావాలి. సాయంత్రం గేటు దగ్గర రెండు నిమిషాలు చూసి ఆ మాట అనే హక్కు మనకు లేదు.

పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో చెప్పిన పియాజే, వైగోత్‌స్కీ ఏ కోర్సులోనైనా ఉంటారు. పియాజే చెప్పిన నాలుగు దశలను వయసులతో సహా బట్టీ పట్టడం కన్నా, ఆ దశలపై వచ్చిన విమర్శ చదవడం వల్ల ఎక్కువ లాభం. ప్రశ్నను పిల్లలకు అర్థమయ్యే సందర్భంలో పెట్టి అడిగితే ఆయన అనుకున్నదానికన్నా చిన్న వయసులోనే వాళ్లు జవాబు చెప్పగలరని 1970లలో మార్గరెట్ డొనాల్డ్‌సన్ వంటి వాళ్లు చూపారు. అంటే "వీడికి తెలియదు" అనే ముందు "నేను అడిగిన తీరు సరిగా ఉందా" అని చూసుకోవాలి. వైగోత్‌స్కీ ముప్పై ఏడేళ్లకే, 1934లో చనిపోయారు. పిల్లవాడు ఒంటరిగా చేయలేకపోయినా కాస్త తోడు ఉంటే చేయగలిగే పనులపై దృష్టి పెట్టమన్న ఆయన మాట ఈనాటికీ రోజువారీ పనిలో పనికొస్తుంది. పిల్లవాడి చుట్టూ కుటుంబం, బడి, తల్లిదండ్రుల ఉద్యోగాలు, ప్రభుత్వ విధానాలు ఒకదాని చుట్టూ ఒకటి వలయాల్లా ఎలా పనిచేస్తాయో చెప్పిన బ్రోన్‌ఫెన్‌బ్రెన్నర్‌ను మాత్రం నెమ్మదిగా చదవండి. తల్లి పని షిఫ్టు మారితే పిల్లవాడి నిద్ర ఎందుకు చెడుతుందో వివరించేది అలాంటి ఆలోచనే.

మీరు చిన్నపిల్లల వైపు నుంచి వస్తున్నారు కాబట్టి యువత భాగాన్ని తేలిగ్గా తీసుకోకండి. ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక ప్రకారం, దేశ చట్టం వేరేగా చెబితే తప్ప, 18 ఏళ్లలోపు వాళ్లంతా పిల్లలే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 10 నుంచి 24 ఏళ్ల వరకు యువజనం. అంటే పాలబుగ్గల పాపతో మొదలై మీసాలొచ్చిన అబ్బాయి దాకా మీ చదువు పరిధిలోకి వస్తారు. టీనేజర్ల గురించి మనలో పాతుకుపోయిన చాలా అభిప్రాయాలు ఇక్కడ కదులుతాయి. పొద్దున లేవని పిల్లను బద్ధకస్తురాలంటాం. యుక్తవయసులో శరీరంలోని గడియారమే వెనక్కి జరుగుతుంది, రాత్రి నిద్ర ఆలస్యంగా వస్తుంది. ఒంటరిగా ఉన్నప్పుడు జాగ్రత్తగా ఉండే అబ్బాయి స్నేహితులు పక్కనుంటే ఎందుకు తెగిస్తాడు? 2005లో మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ ఒక డ్రైవింగ్ ఆటతో దీన్ని పరీక్షించారు. తోటివాళ్లు చూస్తున్నప్పుడు టీనేజర్లు ఎక్కువ రిస్క్ తీసుకున్నారు, పెద్దవాళ్లలో ఆ తేడా కనబడలేదు. ముందుచూపుకీ తొందరపాటును ఆపుకోవడానికీ తోడ్పడే మెదడు భాగం ఇరవైలలోకి వచ్చాక కూడా ఎదుగుతూనే ఉంటుంది. ఇది తెలిసిన వ్యక్తి యువకుల గుంపుకు క్లాసు పీకి వదిలేయదు. ఆ గుంపు ఎక్కడ కూర్చుంటుంది, ఎవరి మాట వింటుంది, సాయంత్రాలు చేయడానికి వాళ్లకు ఏముంది అని ఆలోచిస్తుంది.

హక్కుల పాఠం చాలామందికి పొడిగా అనిపిస్తుంది. నాకు మాత్రం ఈ చదువులో అది చాలా ముఖ్యమైనది. 1989 నవంబర్ 20న ఆమోదించిన ఆ ఒడంబడికలో 54 అధికరణలున్నాయి. మూడోది పిల్లల మేలుకు ప్రాధాన్యం ఇవ్వమంటుంది. పన్నెండోది తమకు సంబంధించిన విషయాల్లో పిల్లల అభిప్రాయం విని, వయసుకూ పరిణతికీ తగ్గట్టు దానికి విలువ ఇవ్వమంటుంది. పందొమ్మిదోది హింస నుంచి రక్షణ. ముప్ఫై ఒకటోది విశ్రాంతి, ఆట. పరీక్షలో ఇవి రాయడం సులువే. పనిలో మూడూ పన్నెండూ ఢీకొన్నప్పుడు అసలు కష్టం మొదలవుతుంది. పదిహేనేళ్ల అమ్మాయి తనకు మంచిది కాదని మనం అనుకునే నిర్ణయం తీసుకుంటానంటే ఏం చేయాలి? దీనికి రెడీమేడ్ జవాబు లేదు, కానీ వాదించి ఆలోచించే అలవాటు క్లాసులో వస్తుంది. 1992లో రోజర్ హార్ట్ యునిసెఫ్ కోసం పిల్లల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా చూపారు. అందులో కింది మూడు మెట్లు అసలు భాగస్వామ్యమే కాదని ఆయన ఉద్దేశం: పిల్లల్ని వాడుకోవడం, అలంకారంగా నిలబెట్టడం, పేరుకు అడిగినట్టు చేయడం. మీరు పనిచేసే చోట "పిల్లల కమిటీ" లాంటిది ఏదైనా ఉంటే అది ఏ మెట్టు మీద ఉందో ఒకసారి చూడండి.

ఇక పిల్లల రక్షణ. కోర్సు ఏదైనా, ఈ భాగం నేర్పే తీరును బట్టి దాని నాణ్యత చెప్పేయొచ్చు. చట్టాల జాబితా చదివించి వదిలేస్తే అది చాలదు. ఒక పిల్ల మీ దగ్గరకు వచ్చి "నీకొకటి చెప్తాను, ఎవరికీ చెప్పనని మాటివ్వు" అంటే ఏం చేయాలో రోల్‌ప్లేలో మీ చేత చేయించాలి, తడబడనివ్వాలి, మళ్లీ చేయించాలి. ఆ క్షణంలో మాట ఇవ్వకూడదు. "నువ్వు చెప్పేది వింటాను. నువ్వు క్షేమంగా ఉండాలంటే ఒకరిద్దరు పెద్దవాళ్లకు నేను చెప్పాల్సి రావచ్చు. ఎవరికి చెప్పేదీ నీకు చెప్తాను" అనాలి. కంగారు మొహంలో కనబడితే పిల్ల ఆగిపోతుంది. "మామయ్యే చేశాడా?" లాంటి ప్రశ్న వేయకూడదు. అది జవాబును మనమే అందించడం, తర్వాత జరిగే విచారణను కూడా చెడగొడుతుంది. "తర్వాత ఏమైంది?" చాలు. లోతుగా ఆరా తీయడం మన పని కాదు, అందుకు వేరేవాళ్లు ఉన్నారు. నిందపడ్డ వ్యక్తిని మనం నిలదీయకూడదు. పిల్ల వాడిన మాటల్నే, మార్చకుండా, తేదీ, సమయంతో ఆ రోజే రాసి, సంస్థలో పిల్లల రక్షణ బాధ్యత చూసే వ్యక్తికి వెంటనే ఇవ్వాలి. పిల్ల "అక్కడ" అని ఉంటే మీరూ "అక్కడ" అనే రాయాలి. మీరు శరీరభాగం పేరు పెడితే అది పిల్ల మాట కాదు, మీ ఊహ. ఇలా రాయడానికే పరిశీలనా నోట్సు అంతగా సాధన చేయిస్తారు. మొదటి ఏడాది "బాబు కోపంగా ఉన్నాడు" అని రాస్తే టీచర్ కొట్టేసి "నువ్వు ఏం చూశావో రాయి" అనడం వెనక కారణం ఇదే.

రక్షణ గురించి చదివేటప్పుడు మనసు బరువెక్కుతుంది. బాల్యంలో పడిన కష్టాలకూ పెద్దయ్యాక వచ్చే జబ్బులకూ ఉన్న సంబంధంపై 1998లో ఫెలిట్టి, ఆండా బృందం చేసిన అధ్యయనం తప్పక చదువుతారు. అది చదివి చాలామంది, ఇన్ని కష్టాలు పడిన పిల్ల జీవితం ఇక ఇంతే అనుకుంటారు. జనాభా మొత్తానికి వర్తించే లెక్క అది. ఒక్కో పిల్లకు మార్కులు వేసి భవిష్యత్తు చెప్పడానికి దాన్ని వాడొద్దని ఆ పరిశోధకుల్లో ఒకరే తర్వాత హెచ్చరించారు. దాని పక్కనే ఎమ్మీ వెర్నర్ పని చదవండి. హవాయి దీవుల్లోని కవాయిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లల్ని ఆమె బృందం దశాబ్దాల పాటు గమనించింది. పేదరికం, ఇంట్లో గొడవలు, తల్లిదండ్రుల అనారోగ్యం వంటివి కలిసి చుట్టుముట్టిన పిల్లల్లో దాదాపు మూడో వంతు మంది నిబ్బరంగా, ప్రేమగా, బాధ్యతగా ఎదిగారు. వాళ్లలో కనిపించిన అంశాల్లో ఒకటి, నమ్మి దగ్గరికి తీసుకున్న కనీసం ఒక్క పెద్ద మనిషి. ఆ మనిషి తల్లో తండ్రో కానక్కర్లేదు. అమ్మమ్మ కావచ్చు, టీచర్ కావచ్చు. మీ ఇంట్లోవాళ్లు "ఎందుకు" అని అడిగితే నేనైతే ముందు దీని గురించే చెప్తాను.

ఇప్పుడు ప్లేస్‌మెంట్. కాలేజీకి ఫోన్ చేసినప్పుడు మొహమాటం లేకుండా అడగండి. మొత్తం ఎన్ని గంటలు? ఎన్ని చోట్ల? వాళ్లే చూపిస్తారా, మనమే వెతుక్కోవాలా? సూపర్‌విజన్, అంటే సూపర్‌వైజర్ మీతో కూర్చుని మీ పని గురించి మాట్లాడటం, ఎన్నాళ్లకోసారి, ఎంతసేపు? సూపర్‌వైజర్‌కీ విద్యార్థికీ పొసగకపోతే ఎవరికి చెప్పాలి? ఈ చివరి ప్రశ్నకు వెంటనే జవాబు రాని కోర్సు గురించి నేను ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాను. మీరు పనిచేస్తున్న కేంద్రాన్నే ప్లేస్‌మెంట్‌గా లెక్కించే కోర్సులు ఉంటాయి, డబ్బుకీ టైముకీ అది కలిసొస్తుంది. అయినా ఒక్కటైనా వేరే చోట చేయండి, అదీ మీకు అలవాటు లేని వయసు పిల్లలతో. యూత్ క్లబ్, ఆస్పత్రిలో పిల్లల వార్డు, వైకల్యం ఉన్న పిల్లల బడి, ఇంటికి దూరమైన పిల్లలుండే వసతి గృహం, ఏదైనా సరే. అలవాటైన చోట మనకు అన్నీ మామూలుగా కనిపిస్తాయి, ప్రశ్నలు పుట్టవు. చాలాచోట్ల ప్లేస్‌మెంట్‌కు ముందు మీ నేర చరిత్ర తనిఖీ ఉంటుంది. దానికి టైం పడుతుంది, కాగితాలు ముందే సిద్ధం చేసుకోండి.

రాయడం గురించి మీకున్న భయం నాకు అర్థమైంది. మీరు ఇప్పటికే పిల్లల డైరీలు, యాక్సిడెంట్ రిపోర్టులు రాస్తున్నారు కదా, పునాది అక్కడుంది. అసైన్‌మెంట్లలో ఎక్కువమంది తడబడేది తమ పనిని తామే పరిశీలించుకుని రాసే వాటిలో. 1988లో గ్రాహం గిబ్స్ ఇచ్చిన ఆరు మెట్ల పద్ధతి చాలాచోట్ల వాడతారు: ఏం జరిగింది, ఏమనిపించింది, ఏది బాగా జరిగింది ఏది లేదు, ఎందుకు, ఇంకేం చేయగలిగేదాన్ని, ఇకముందు ఏం చేస్తాను. నా దగ్గరికొచ్చే రాతల్లో ముప్పావు భాగం మొదటి మెట్టే ఉంటుంది. "పాప ఏడ్చింది, ఎత్తుకున్నాను, ఊరుకుంది" అన్నది కథ. "పాప ఏడుస్తుంటే అందరూ నన్నే చూస్తున్నారనిపించి త్వరగా ఎత్తుకున్నాను. అది పాప అవసరమా, నా ఇబ్బందా? కాసేపు పక్కన కూర్చుని ఉంటే తనంతట తాను ఊరడిల్లేదా?" ఇక్కడ మార్కులు మొదలవుతాయి. మంచి భాష కన్నా నిజాయితీ చూస్తాం. పిల్లల పేర్లు, గుర్తుపట్టే వివరాలు రాయకూడదు, ఫోన్‌తో ఫోటోలు అసలే వద్దు. మూలాలు పేర్కొనే పద్ధతి మొదటి నెలలోనే లైబ్రరీ వాళ్ల దగ్గర కూర్చుని నేర్చుకోండి, తర్వాత అది అలవాటైపోతుంది.

పనిచేస్తూ చదవడం కుదురుతుంది, పార్ట్‌టైమ్‌గా చేస్తే నయం. అసలు కష్టం టైం కాదు. హింస, నిర్లక్ష్యం, తల్లిదండ్రుల నుంచి విడిపోవడం గురించి చదువుతున్నప్పుడు సొంత బాల్యం గుర్తొచ్చి కుదేలయ్యేవాళ్లు ఉంటారు. ఇది బలహీనత కాదు, దాచుకోవాల్సిన అవసరం లేదు. కాలేజీలో కౌన్సెలింగ్ ఉందో లేదో చేరేముందే చూసుకోండి, ట్యూటర్‌కు చెప్పండి. మీరు తల్లి కూడా అయితే ఇంకో ఇబ్బంది వస్తుంది. ప్రతి పాఠం మీ పిల్లల పెంపకం మీద పరీక్షలా అనిపిస్తుంది. మొదటి సెమిస్టర్ దాటాక అది తగ్గుతుంది.

ఉద్యోగాల విషయంలో స్పష్టంగా ఉండండి. ఈ డిగ్రీతో సంరక్షణ కేంద్రాల్లో బాధ్యత గల హోదాలు, కుటుంబాలకు అండగా నిలిచే సేవలు, యువజన సేవ, వసతి గృహాలు, బడుల్లో పిల్లల మద్దతు విభాగాలు, స్వచ్ఛంద సంస్థలు వంటి దారులు తెరుచుకుంటాయి. కానీ ఈ డిగ్రీ ఒక్కదానితో టీచర్, సోషల్ వర్కర్, సైకాలజిస్ట్ కాలేరు. వాటికి విడిగా శిక్షణ, చాలా దేశాల్లో రిజిస్ట్రేషన్ కావాలి. మీ లక్ష్యం వాటిలో ఏదైనా అయితే, ఫీజు కట్టే ముందే ఆ రిజిస్ట్రేషన్ ఇచ్చే సంస్థను అడిగి ఈ డిగ్రీని వాళ్లు గుర్తిస్తారో లేదో రాతపూర్వకంగా తీసుకోండి. కాలేజీ ప్రకటనలో "దారి తీస్తుంది" అని రాసి ఉంటే దాన్నే హామీ అనుకోవద్దు. జీతాల గురించి కూడా ఆశలు పెంచను. చాలాచోట్ల ఈ పనికి ఇవ్వాల్సినంత ఇవ్వరు. అది అన్యాయమని నా గట్టి అభిప్రాయం, కానీ చేరే ముందు మీకు తెలిసి ఉండాలి.

అప్లికేషన్ గడువు లోపల చేయగలిగింది ఒకటుంది. మీ మేనేజర్ అనుమతి తీసుకుని, రోజూ ఒక పది నిమిషాలు ఒక పిల్లను కేవలం చూసి, చూసింది మాత్రమే రాయండి. పేరు వద్దు, మీ అభిప్రాయం వద్దు. రెండు వారాల తర్వాత ఆ కాగితాలు చదివి, మీరు ముందు గమనించనిది ఏం కనబడిందో అప్లికేషన్‌లో రాయండి, కాగితాలు మాత్రం కేంద్రంలోనే ఉంచండి. "నాకు పిల్లలంటే చాలా ఇష్టం" అని మొదలయ్యే అప్లికేషన్లు కుప్పలుగా వస్తాయి, మీది చదివేవాళ్లు ఆగి చదువుతారు. ఇంటర్వ్యూ పిలుపు వస్తే ఇక్కడే రాయండి, ఏం అడుగుతారో, ఎలా సిద్ధమవ్వాలో చెప్తాను.